మూడు తరాలు, పదమూడు మంది, ఒక కాశీయాత్ర: ఎలా అమర్చుకోవాలి

అమ్మా, మీరు రాసిన వివరాలను రెండుసార్లు చదివాను. మామగారికి 81 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, షుగరు. అత్తగారికి 74, రక్తపోటు. అమెరికా నుంచి మీ బావగారు, తోటికోడలు, 14, 11 ఏళ్ల పిల్లలిద్దరు. మీరు, మీవారు, ఇంటర్ చదివే అబ్బాయి, తొమ్మిదేళ్ల అమ్మాయి. ఆడపడుచు, ఆవిడ భర్త, మూడేళ్ల పసివాడు. మొత్తం 13 మంది. డిసెంబరు చివర హైదరాబాదు నుంచి బయల్దేరి ఏడు రోజుల్లో కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య, నైమిశారణ్యం చూసి రావాలని, అందరూ ఎప్పుడూ కలిసే ఉండాలని, ఎవరికీ కష్టం కలగకూడదని మీ కోరిక. ముప్ఫై నాలుగేళ్లు రైల్వే రిజర్వేషను కౌంటరులో కూర్చుని ఇలాంటి కుటుంబాలకు టికెట్లు ఇచ్చాను, మా ఇంటివాళ్లను పన్నెండు, పద్నాలుగు మంది చొప్పున మూడుసార్లు కాశీకి తీసుకువెళ్లాను. ఆ చనువుతో మొహమాటం లేకుండా చెబుతున్నాను: మీ పథకంలో ఊళ్లు ఎక్కువయ్యాయి, ‘ఎప్పుడూ కలిసే’ అన్న పట్టుదల అంతకంటే ఎక్కువయింది.

ముందు ఊళ్ల సంగతి తేల్చుకుందాం. కాశీ నుంచి ప్రయాగ రోడ్డు మీద 120 కిలోమీటర్ల పైచిలుకు, గయ సుమారు 250, అయోధ్య 200 దాటుతుంది, నైమిశారణ్యం లక్నోకు అవతల ఉంది. ఇవన్నీ ఏడు రోజుల్లో పెడితే మామగారికి యాత్రంతా కారు సీటు మీదే గడుస్తుంది, పసివాడికి వాంతులతో గడుస్తుంది. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి కుటుంబంతో, పరివారంతో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. పదిహేను నెలల పైమాటే. మనకు అంత తీరిక లేదు, ఆ రోజుల్లోలాగా కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న భయమూ లేదు. కానీ ఆయన పదిహేను నెలల్లో చేసినదాన్ని మనం వారంలో చేయగలమన్న భ్రమ మాత్రం పట్టుకుంది. కాశీని ఉంచుకోండి, ప్రయాగను ఒక్కరోజు ప్రయాణంగా కలుపుకోండి, అయోధ్యనూ నైమిశారణ్యాన్నీ ఇంకో ఏటికి వదిలేయండి. గయ సంగతి కాసేపట్లో చెబుతాను, ఎందుకంటే అది దూరాన్ని బట్టి తేలేది కాదు.

రెండోది కాలం. డిసెంబరు చివర, జనవరి మొదట్లో గంగా మైదానమంతా పొగమంచు కమ్ముకుంటుంది. రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, తెల్లవారుజాము విమానాలు రద్దవుతాయి, ఉదయం పూట పడవలను కూడా ఆపేస్తారు. నా ఇష్టానికి వదిలితే నేను నవంబరు చివరివారమో, ఫిబ్రవరిలో మాఘమేళా, శివరాత్రి రద్దీ లేని రోజులనో చెప్పేవాణ్ణి. కాని అమెరికా పిల్లల బడులకు సెలవులు క్రిస్మసుకే కాబట్టి డిసెంబరు తప్పదు. తప్పనప్పుడు మంచుకు తగ్గట్టు ప్రయాణాన్ని మలచుకోవాలి. ఇంకో మాట, డిసెంబరు 28 నుంచి జనవరి 1 దాకా కాశీలో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. విశ్వనాథుడి దర్శనానికి వరుసలో నిలబడడం మామగారి మోకాళ్లకు శిక్ష అవుతుంది. అందుచేత 27కల్లా మీరు అక్కడి నుంచి బయటపడాలి.

ఈ రెండు హద్దుల మధ్య నాకు కనిపించే మార్గం ఇది. పదమూడు మందీ ఒకేసారి బయల్దేరి ఒకేసారి తిరిగి రావాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. అత్తగారికి కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని ఉందని మీరే రాశారు. ఆ కోరికను అడ్డంకిగా చూడకండి, యాత్రకు అదే వెన్నెముక అవుతుంది. అత్తగారు, మామగారు, మీవారు డిసెంబరు 17న సికింద్రాబాదులో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 18 మధ్యాహ్నానికి, మంచు వల్ల ఆలస్యమైతే రాత్రికి, కాశీ పక్కనే ఉన్న మొగల్‌సరాయ్‌లో దిగుతారు. ఆ స్టేషను పేరు 2018లో పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షనుగా మారింది, టికెట్టులో అలాగే వెతకండి. 18 రాత్రి నుంచి 26 రాత్రి దాకా లెక్కపెడితే సరిగ్గా తొమ్మిది నిద్రలు. మిగిలిన పదిమంది 23న విమానంలో చేరుకుంటారు. నాలుగు రాత్రులు అందరూ కలిసి ఉండి 27న పదమూడు మందీ ఒకే విమానంలో ఇంటికి వస్తారు. పెద్దవాళ్లు తమ స్నానాలూ దర్శనాలూ జనం తక్కువగా ఉన్న రోజుల్లో నిదానంగా ముగించుకుంటారు కనుక, పిల్లలు వచ్చేసరికి వాళ్లు అలసిన యాత్రికుల్లా కాకుండా ఊరు తెలిసినవాళ్లలా ఎదురు వస్తారు. మా అమ్మ అలాగే మా పిల్లలను చేయి పట్టుకుని కేదారేశ్వరుడి గుడికి సందుల్లోంచి దారి చూపిస్తూ తీసుకెళ్లింది. హైదరాబాదులో వీధి చివరి దుకాణానికి ఒక్కతే వెళ్లని మనిషి ఆవిడ.

మీవారికి అన్ని రోజులు సెలవు దొరకదంటే గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకోమనండి. పెద్దవాళ్లకు రోజంతా ఎవరూ పక్కన ఉండనక్కరలేదు, పిలిస్తే పలికేవాడు ఒకడు ఉంటే చాలు.

టికెట్ల విషయం నాకు అన్నం పెట్టిన విద్య కాబట్టి కాస్త విస్తరంగా రాస్తాను. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. డిసెంబరు 17 ప్రయాణానికి అక్టోబరు 18 ఉదయం 8 గంటలకు టికెట్లు తెరుచుకుంటాయి. ఆ ఉదయం మీవారిని ఒకే టికెట్టులో ముగ్గురి పేర్లూ వేయవద్దని చెప్పండి. అరవై దాటిన పురుషులకూ నలభై అయిదు దాటిన స్త్రీలకూ కింది బెర్తుల కోటా ఒకటి ఉంటుంది. ఆ వయసువారు ఒక్కరే గాని, అలాంటివారు ఇద్దరు గాని ఒక టికెట్టులో ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. మధ్యవయసు కొడుకు పేరు అదే టికెట్టులో చేరగానే కోటా పోతుంది. ఇంటిల్లిపాదినీ ఒకే టికెట్టులో వేసుకుని, తాతగారికి పై బెర్తు వచ్చిందని కౌంటరు దగ్గర నాతో పోట్లాడినవాళ్లు ఎందరో. కనుక అత్తగారికీ మామగారికీ ఒక టికెట్టు ఆ కోటా ఎంచుకుని తీసుకోండి. వచ్చిన బోగీ నంబరు చూసుకుని, అదే బోగీ కావాలని కోరుతూ మీవారికి వేరే టికెట్టు తీయండి. వృద్ధులకు ఛార్జీలో ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని లెక్కలో పెట్టుకోవద్దు. థర్డ్ ఏసీ కంటే సెకండ్ ఏసీ మేలు అంటాను. హంగు కోసం చెప్పడం లేదు, మధ్య బెర్తు లేకపోతే మోకాళ్లు నొప్పిపుట్టిన మనిషి పగలంతా నడుం నిటారుగా పెట్టుకుని కూర్చోగలడు.

విమానం విషయంలో రెండే మాటలు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మధ్యాహ్నం తరువాత బయల్దేరే విమానమే తీసుకోండి, వెయ్యి రూపాయలు తక్కువని తెల్లవారుజాము విమానం జోలికి పోవద్దు. మూడేళ్ల పసివాడికి కూడా సీటు కొనాలి, రెండేళ్లు నిండనివారికే ఒళ్లో కూర్చునే వీలు. తిరుగు ప్రయాణంలో మామగారికి వీల్‌చెయిర్ కావాలని టికెట్టు కొనేటప్పుడే కోరండి. ఆయన ‘నేనేం రోగినా’ అంటారు, అనివ్వండి.

బసకు వద్దాం. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. రెండోసారి వెళ్లినప్పుడు లిఫ్టు ఉందా అని ఫోనులో అడిగాను, ఉందన్నారు. తీరా వెళ్లి చూస్తే వీధి నుంచి లిఫ్టు దాకా పద్నాలుగు మెట్లున్నాయి, రెయిలింగు కూడా లేదు. మా నాన్నగారు ఏడో మెట్టు మీద కూర్చుండిపోయి, ‘నేనిక్కడే ఉంటా, మీరు వెళ్లి గది చూసుకుని రండి’ అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ సాయంత్రం అందరి ఉత్సాహమూ చల్లబడింది. లిఫ్టు ఉందా అని అడగకండి, కారు దిగిన చోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు ఉన్నాయని అడగండి, వీధి నుంచి గది దాకా నడుస్తూ ఒక వీడియో తీసి పంపమనండి. పంపనివాళ్ల దగ్గర దిగకండి. బాత్‌రూములో కుర్చీ కమోడు, గీజరు, గోడకు పట్టుకునే కడ్డీ ఉన్నాయా అన్నది తరువాతి ప్రశ్న. డిసెంబరులో కాశీ రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. హైదరాబాదు చలికి కొన్న స్వెట్టర్లు అక్కడ చాలవు.

గుడికి దగ్గరగా ఉంటే నడక తగ్గుతుందని చాలామంది గోదౌలియా చుట్టుపక్కల దిగుతారు. ఆ సందుల్లోకి కారు రాదు, సామాను మోసుకుంటూ జనంలో నడవాలి. మీరు సోనార్‌పురా, భేలూపూర్, అస్సీ వైపు చూడండి. పాండే హవేలీలో ఆంధ్రాశ్రమం ఉంది, ఆ చుట్టుపక్కల తెలుగు మాట వినిపిస్తుంది, పప్పూ చారూ ఉన్న భోజనం దొరుకుతుంది. మడి, ఆచారం పాటించే అత్తగారికి అక్కడే గది దొరికితే సగం బరువు దిగినట్టే. అయితే అమెరికా పిల్లలకు విదేశీ పాస్‌పోర్టులు ఉంటే ఒక చిక్కు ఉంది. విదేశీయులకు బస ఇచ్చినవారు వాళ్ల వివరాలను 24 గంటల్లో అధికారులకు తెలపాలి. చిన్న వసతిగృహాల్లో ఆ ఏర్పాటు లేక చివరి క్షణంలో గది లేదంటారు. కనుక మీ బావగారి కుటుంబానికీ, పసివాడున్న ఆడపడుచు కుటుంబానికీ, మీకూ ఆశ్రమానికి పది నిమిషాల దూరంలో ఒక హోటలు, పెద్దవాళ్లకు ఆశ్రమం, అలా రెండు చోట్ల ఉండడమే నాకు నచ్చుతుంది. ఒకే కప్పు కింద లేమన్న బెంగ వద్దు. మనవలు పొద్దున్నే తాతగారి గదికి నడిచి వెళ్తే ఆయనకు అదొక వేడుక.

ఇంకొక మాట, మీకు మాత్రమే. వంటగది ఉన్న అపార్టుమెంటు చవకగా వస్తోందని మీరు రాశారు. దయచేసి తీసుకోకండి. వంటగది కనిపిస్తే పొద్దున కాఫీతో మొదలై రాత్రి పెరుగన్నం దాకా మీరూ తోటికోడలూ అందులోనే ఉంటారు. నీళ్లు కాచుకునే కెటిల్, ఒక డబ్బా అటుకులు, పసివాడికి ఉగ్గు, అంతకు మించి వంట సామాను ఏదీ ప్రయాణం కట్టవద్దు.

ఇక రోజును ఎలా గడపాలన్నది. నేను పెట్టుకున్న లెక్క ఇది: రోజుకు ఒక్క పని పదమూడు మందీ కలిసి చేస్తారు, ఒక్క పూట భోజనం కలిసి తింటారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎవరూ ఎవరినీ ఎక్కడికీ రమ్మనరు. మిగిలిన వేళల్లో ఎవరి జోరు వారిది. అమెరికా నుంచి వచ్చిన పిల్లలు మొదటి మూడు రోజులు నిద్ర తేడాతో తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. ఇంకెక్కడైనా అది బాధ, కాశీలో వరం. వాళ్లను మీ అబ్బాయితో కలిపి అస్సీ ఘాట్‌కు పంపండి, అక్కడ 2014 నుంచి తెల్లవారుజామున హారతి, సంగీతం, యోగా జరుగుతున్నాయి. తిరిగి వస్తూ మలయ్యో తినిపించమనండి. పాల నురుగులో కుంకుమపువ్వు, యాలకులు వేసి మట్టి మూకుళ్లలో పెట్టి అమ్ముతారు, చలికాలం ఉదయాల్లో తప్ప దొరకదు. నోట్లో పెట్టుకోగానే చెంచా ఖాళీగా మిగులుతుంది. మా అమ్మ మొదటిసారి తిని, ‘డబ్బులిచ్చి గాలి కొన్నారేమిట్రా’ అని, మర్నాడు తానే అడిగి తెప్పించుకుంది. మామగారికి షుగరు కాబట్టి రెండు చెంచాలతో ఆపండి, అసలు వద్దనకండి.

పడవ ఎక్కడం అందరూ కలిసి చేయవలసిన పని. సూర్యోదయం పడవ అని బొమ్మల్లో చూసి మోజు పడతారు గాని డిసెంబరులో ఆ వేళ ఎదుటి మనిషే కనిపించడు. మంచు విడిచాక పదిన్నరకు ఎక్కండి, ఎండ నులివెచ్చగా ఉంటుంది, ఎనభై నాలుగు ఘాట్‌లూ వరుసగా కనిపిస్తాయి. సీటుకు ఇంత అని కాకుండా పడవ మొత్తం మాట్లాడుకోండి, లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేవో డబ్బు తేల్చకముందే చూడండి, పసివాడికి సరిపోయేది ఉందో లేదో మరీ చూడండి. దశాశ్వమేధం దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి, మామగారిని అక్కడ ఎక్కించే ప్రయత్నం చేయకండి. నమో ఘాట్ దగ్గర వాలుదారి ఉంది, వీల్‌చెయిర్ నీటి దాపుకు వెళ్తుంది. ఒక తేలికపాటి మడతపీట కొని మీ అబ్బాయి భుజానికి తగిలించండి. నలభై అడుగులకొకసారి కూర్చోగలిగితే మామగారు కిలోమీటరు నడుస్తారు, కూర్చునే చోటు లేకపోతే వంద గజాలు నడవలేరు.

విశ్వనాథుడి దర్శనాన్ని పెద్దవాళ్లు 18కీ 22కీ మధ్య ఒక పనిరోజు ముగించేస్తే, తరువాత పిల్లలతో మళ్లీ వరుసలో నిలబడనక్కరలేదు. గుడినీ గంగనూ కలుపుతూ 2021 డిసెంబరు 13న ప్రారంభమైన విశాలమైన దారి, కారిడారు, వల్ల పాత ఇరుకు సందుల ఇబ్బంది చాలా తగ్గింది, వీల్‌చెయిర్లు కూడా దొరుకుతాయి. ఫోన్లు లోపలికి పోనివ్వరు కాబట్టి బయటికి వచ్చాక కలుసుకునే చోటును ముందే అనుకోండి. పెద్దవాళ్ల జేబులో బస చిరునామా, మీ ఫోను నంబరు హిందీలో రాసిన కాగితం ఉంచండి. సారనాథ్ ఊరికి పది కిలోమీటర్లు, చదునైన పచ్చిక, పసివాడు పరుగెత్తడానికీ పెద్దవాళ్లు ఎండలో కూర్చోవడానికీ అనువైన చోటు. మన రూపాయి నోటు మీది నాలుగు సింహాల అసలు శిల్పం అక్కడి మ్యూజియంలో ఉందని చెబితే పెద్ద పిల్లలూ వస్తారు. శుక్రవారం ఆ మ్యూజియానికి సెలవు, క్యాలెండరు చూసి రోజు ఎంచుకోండి.

ప్రయాగకు రెండు కార్లలో వెళ్లండి, ఒకే పెద్ద వ్యానులో వద్దు. పసివాడు విసిగితే ఒక కారు ముందే వెనక్కి తిరగవచ్చు. పొగమంచులో రోడ్డు ప్రయాణం ప్రమాదం కనుక తొమ్మిదింటి తరువాతే కదలండి, చీకటి పడేలోగా కాశీ చేరండి, అత్తగారి నిద్రల లెక్కా తప్పదు. సంగమంలో వేణీదానం చేయిస్తారా అని అడిగారు, తప్పకుండా చేయించండి. అత్తగారిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మామగారు ఆవిడ జుట్టు దువ్వి, జడ అల్లి, చివర కత్తిరించి గంగకు ఇవ్వడం పిల్లలూ మనవలూ చుట్టూ నిలబడి చూసే దృశ్యం. మోకాళ్ల మీద బరువు పడుతుంది కాబట్టి పక్కపక్కనే పీటల మీద కూర్చుని చేస్తామని పురోహితుడికి ముందే చెప్పండి. ఆయన ఒప్పుకుంటారు.

గయ సంగతి చెబుతానన్నాను. మీరు రాసినదాన్ని బట్టి మామగారు ‘నాకేం వద్దు, మీ ఇష్టం’ అన్నారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు మీ ఇష్టమంటే తమ ఇష్టం ఒకటి ఉందని అర్థం. ఎవరూ లేనప్పుడు మీవారిని ఆయన దగ్గర కూర్చుని, ‘మీ అమ్మానాన్నలకు గయలో పిండం పెట్టాలని ఉందా’ అని సూటిగా అడగమనండి. ఉందంటే మొగల్‌సరాయ్ నుంచి గయకు రైలు ఉంది, ఒక రాత్రి అక్కడ ఉండి రావడం ఆయన ఒంటికి మంచిది. అప్పుడు ఆయన వరకు తొమ్మిది నిద్రల నియమం తెగుతుంది. రెండూ ఈ లెక్కలో ఇమడవు, ఏది వదులుకోవాలో ఆయనే చెప్పాలి. ఆ నిర్ణయం మీరో, మీ బావగారో చేస్తే అది ఆయన మనసులో ఉండిపోతుంది.

మందులను రెండు జతలుగా చేసి, ఒకటి చేతిసంచిలో, ఒకటి వేరే మనిషి దగ్గర పెట్టండి, డాక్టరు చీటీ ఫోటో అందరి ఫోన్లలో ఉండాలి. బాత్‌రూము దొరకదన్న భయంతో పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, చలిలో దాహం తెలియదు కూడా, మూడో రోజుకు కళ్లు తిరుగుతాయి. ప్రతి గంటన్నరకు బాత్‌రూము ఉన్న చోట ఆగుతామని వాళ్లకు మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకుంటే నీళ్లు వాళ్లే తాగుతారు. షుగరు మందు వేసుకున్న మనిషికి భోజనం ఆలస్యం కాకూడదు కనుక పూజ ఎంతసేపు పడుతుందో ముందే అడిగి తెలుసుకోండి.

డబ్బు విషయంలో మీ బావగారు ఖర్చంతా తానే పెడతానన్నారని, మీవారికి అది రుచించలేదని రాశారు. ఇద్దరిదీ తప్పు కాదు. ప్రయాణం, బస ఖర్చు ఏ కుటుంబానిది ఆ కుటుంబం పెట్టుకోవాలి. పెద్దవాళ్ల ఖర్చు ముగ్గురు పిల్లలూ సమంగా పంచుకోవాలి, ఆడపడుచును కూడా లెక్కలో చేర్చండి, ఆవిడ అదే కోరుకుంటుంది. పడవలు, కార్లు, భోజనాలు, దక్షిణలకు తలా కొంత ముందే వేసి ఒక ఉమ్మడి సంచీ చేయండి, దాన్ని మీ అబ్బాయి చేతిలో పెట్టి రోజూ రాత్రి లెక్క చదివించండి. పదహారేళ్లవాడు డబ్బు అడిగితే ఎవరికీ చిన్నతనం ఉండదు. మీ బావగారికి పెట్టాలని అంతగా ఉంటే వేణీదానం, అన్నదానం ఆయన పేరున జరగనివ్వండి.

తిరిగి వచ్చాక చేసే కాశీ సమారాధన తేదీని బయల్దేరకముందే పెట్టుకోండి. అమెరికా వాళ్లు జనవరి 3న వెళ్లిపోతున్నారు కాబట్టి 30న గాని, 31న గాని చేయాలి, ఆ రెండు రోజులకు వంటవాళ్లు దొరకడం కష్టం, ఇప్పుడే చెప్పి ఉంచండి. గంగ నింపిన రాగి చెంబులను విమానంలో పెద్ద సామానులో వేయండి. తోటికోడలు తన చెంబును చేతిసంచిలో పెట్టుకుని అమెరికా విమానం ఎక్కబోతే 100 మిల్లీలీటర్లు దాటిందని తనిఖీ దగ్గర తీసేస్తారు, ఆ సంగతి ఆవిడకు ముందే చెప్పండి.